చెక్కుబందీ

పాత దస్తావేజుల భాష మీద పనిచేస్తూ త్రిపురాంతకంలో కొన్ని నెలలుండాల్సొచ్చి, అద్దెగది కోసం తిరిగాను. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, చెరువులో బాలాత్రిపురసుందరి. అమ్మవారికి విడిగా ఇల్లున్న ఊళ్లో నాకో గది దొరక్కపోతుందా అనుకున్నాను. ఒక పెద్దావిడ గది చూపించి, అద్దె చెప్పి, ఆఖర్న అడిగింది: "అమ్మాయ్, మీరేమిట్లోళ్లు?" మాదిగపల్లెలో పుట్టానని చెప్పాను. కాసేపాగి, "మా అబ్బాయినడిగి చెప్తాలేమ్మా" అంది. ఆ కబురు ఇంతవరకూ రాలేదు.

అబ్బాయి అమెరికాలో ఇల్లు కొన్నాడని ఆవిడే మురిపెంగా చెప్పింది. అతనక్కడ ఇల్లు కొనగలగడం వెనక ఎవరి పోరాటముందో ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. ఒకప్పుడు అక్కడి ఎన్నో ఇళ్ల దస్తావేజుల్లో నల్లవాళ్లకి అమ్మకూడదన్న షరతుండేది. కొన్నిచోట్ల ఆసియావాళ్లకి కూడా. సెయింట్ లూయిస్‌లో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం 1945లో ఇల్లు కొంటే, ఆ షరతు చూపించి వెళ్లగొట్టాలని చూశారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మననడాన్నీ అద్దెకివ్వననడాన్నీ నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆడదని కాదనకూడదన్న మాట అందులో చేరడానికి 1974 దాకా పట్టింది.

మరి మన దగ్గర? రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలూ హోటళ్లూ బావులూ చెరువుల గురించి చెప్పింది గానీ అద్దె ఇంటి ఊసెత్తలేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను, అంటరానితనం పేరుతో ఎవరినీ ఏ ప్రాంతంలోనూ ఇల్లు కట్టుకోకుండా, ఉండకుండా అడ్డుకోరాదంటుంది. కానీ "అబ్బాయినడిగి చెప్తా" అన్న మాటని ఏ కోర్టులో రుజువు చేస్తాం? పైగా 2005లో మన సుప్రీంకోర్టు, గుజరాత్‌లోని ఒక పార్శీ గృహ సహకార సంఘం తమవాళ్లకే సభ్యత్వమని పెట్టుకున్న నిబంధన చెల్లుతుందంది.

అద్దెకి గది దొరకకపోవడం చిన్న సంగతే. ఉన్న ఇల్లే వదులుకోవాల్సి వచ్చినవాళ్లు మా జిల్లాలోనే ఉన్నారు. 1985 జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని నిలదీసింది ఒక ఆడమనిషి. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి, ఆనక అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు.

2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపిణీ మొదలుపెట్టిన దాదాపు 30 లక్షల ఇళ్లస్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరుమీదే ఇచ్చారు. సంతోషమే. అయితే ఆ స్థలం ఊళ్లో ఎక్కడుంది, చుట్టూ ఎవరున్నారు అని కూడా మనం అడగాలి. దస్తావేజులో ఇంటికి చెక్కుబందీ రాస్తారు, తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి ఇల్లు అని. పట్టాలో నా పేరుండటం ఒక సంగతి. ఆ పెద్దావిడ ఇంటి చెక్కుబందీలో ఉత్తరపు హద్దుగా నా పేరు పడటం ఇంకో సంగతి.