టాక్సు కట్టేవాళ్ళకే ఓటా? ఆ వెర్షన్ ఎప్పుడో వచ్చింది!

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే చాలు, మన ఐటీ జనాల్లో ఒక వాదన మొదలవుతుంది. టాక్సు కట్టేవాళ్ళకీ, చదువుకున్నవాళ్ళకీ మాత్రమే ఓటుంటే దేశం బాగుపడుతుందట. ఇదేదో కొత్త ఐడియా అనుకుంటారు పాపం! బ్రిటిష్ పార్లమెంటు ఇలాంటి పద్ధతినే దశాబ్దాల తరబడి నడిపి చూసింది.

1832కి ముందు అక్కడి దిగువ సభ మరీ అన్యాయం. ఓల్డ్ సారం అని ఒక పాడుపడ్డ దిబ్బ. ఊరే లేదు, ఎంపీలు మాత్రం ఇద్దరు. మిల్లులతో కిటకిటలాడే మాంచెస్టర్‌కి ఒక్కడూ లేడు. 1832 చట్టం ఇలాంటి సీట్లు చాలావాటిని తీసేసి కొత్త పట్టణాలకిచ్చింది. కానీ పట్టణాల్లో ఓటు ఎవరికి? ఏడాదికి 10 పౌండ్ల అద్దె విలువ చేసే ఇల్లున్న మగవాళ్ళకి. కూలివాడు బయటే ఉండిపోయాడు.

1838లో చార్టిస్టులు ఆరు కోరికలు పెట్టారు: మగవాళ్ళందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, ఎంపీలకి జీతం వగైరా. 1839, 1842, 1848లో మూడుసార్లు లక్షల సంతకాలతో అర్జీలిచ్చారు. మూడుసార్లూ సభ తోసిపుచ్చింది. తమాషా ఏమిటంటే, ఏటా ఎన్నికలన్నది తప్ప మిగతా ఐదూ తర్వాతి 80 ఏళ్ళలో ఒక్కొక్కటిగా అమలయ్యాయి. రహస్య బ్యాలెట్ 1872లో, జీతాలు 1911లో, మగవాళ్ళందరికీ ఓటు 1918లో. ఆడవాళ్ళకి సమానమైన ఓటు 1928లో గానీ రాలేదు. పట్టభద్రులకి అదనంగా ఉన్న రెండో ఓటు పోయింది 1948లో!

మెల్లగా మార్చడం మంచిదేగా, సిస్టమ్ కూలిపోకుండా ప్యాచ్‌లు వేసుకుంటూ పోయారు కదా అంటారా? నిజమే, రక్తపాతం తగ్గింది. కానీ ఇక్కడ పెండింగ్‌లో ఉన్నవి టికెట్లు కాదండీ, మనుషుల జీవితాలు. చార్టర్ మీద సంతకం పెట్టినవాళ్ళలో చాలామంది ఓటు వేయకుండానే పోయారు.

నాకు బాగా నచ్చిన ముక్క రాబర్ట్ లో అనే ఎంపీది. చదువూ సంధ్యా లేని కార్మికులకి ఓటేమిటని 1866లో గట్టిగా ఎదిరించాడు. 1867లో పట్టణ కార్మికులకి చాలామందికి ఓటు రానే వచ్చింది. వెంటనే ఆయనే, ఇక వీళ్ళకి చదువు చెప్పించక తప్పదన్నాడు. 1870లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. అంటే ఓటు ముందు, బడి తర్వాత.

మన దగ్గర 1935 చట్టం కింద కూడా ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలే. 1937లో మద్రాసు శాసనసభకి ఎన్నికలు వాటితోనే జరిగాయి. 1950లో రాజ్యాంగం ఆ నిచ్చెన మెట్లన్నీ ఒక్కసారిగా తీసిపారేసి, 21 ఏళ్ళు నిండిన అందరికీ ఓటిచ్చింది. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యత దాదాపు 18 శాతం. అయినా 17 కోట్ల పైచిలుకు ఓటర్లతో, పెట్టెల మీద గుర్తులంటించి మొదటి ఎన్నికలు జరిపారు.

టాక్సు ఓటు వాదన చేసేవాళ్ళని నేనొక్కటే అడుగుతాను. 1950లో మీ రూలే పెట్టుంటే మీ తాతకి ఓటుండేదా? మీ అమ్మమ్మకి? ఓటే లేని ఆ ఊరికి బడి కావాలని ఏ ఎమ్మెల్యేకి గుర్తొచ్చేది? మనలో చాలామంది ఆ బళ్ళోంచే కదా ఇంతదాకా వచ్చింది!