అపార్టుమెంట్ల అగ్నిమాపక భద్రతా తనిఖీ

అపార్టుమెంట్ల అగ్నిమాపక భద్రతా తనిఖీ అనగా బహుళ అంతస్తుల నివాస భవనాలలో అగ్నిప్రమాదాలను నివారించుటకు, ప్రమాదం సంభవించినపుడు నివాసులు క్షేమంగా బయటపడుటకు నిర్దేశించిన ఏర్పాట్లు ఉన్నవా, అవి పనిచేయు స్థితిలో ఉన్నవా అని పరిశీలించే ప్రక్రియ. భారతదేశంలో ఈ బాధ్యత ప్రధానంగా రాష్ట్ర అగ్నిమాపక శాఖలు మరియు స్థానిక సంస్థలది. ఈ వ్యాసంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని విధానం ప్రధానంగా వివరించబడినది.

తనిఖీ రెండు విధాలు. భవనం నిర్మించేటపుడు అనుమతి కోసం జరిగేది మొదటిది. భవనంలో నివాసం మొదలైన తరువాత ఏటేటా జరగవలసినది రెండవది. మొదటిది లేనిదే ఎత్తైన భవనానికి అనుమతి రాదు. రెండవది లేకపోతే మొదటిదాని ప్రయోజనం కొన్నేళ్ళకే నశిస్తుంది.

ఆవశ్యకత

అగ్నిప్రమాదాలలో మరణాలకు కాలిన గాయాల కంటే పొగ పీల్చుటయే ఎక్కువగా కారణమవుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌తో కలిసి, శరీరానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. ఈ వాయువుకు రంగు గాని వాసన గాని లేవు. నిద్రలో ఉన్నవారు మేల్కొనకుండానే స్పృహ కోల్పోవచ్చును.

వేడెక్కిన పొగ పైకి ప్రయాణిస్తుంది. అపార్టుమెంటులో మెట్లదారి, లిఫ్టు గుంట, కరెంటు తీగలు మరియు నీటి గొట్టాలు పోయే సందులు పొగగొట్టాల వలె పనిచేస్తాయి. అందువలన సెల్లారులో పుట్టిన మంట అక్కడే ఉన్నా, దాని పొగ కొద్ది నిమిషాలలో పై అంతస్తులకు చేరుతుంది. తప్పించుకొనుటకు ఉన్న ఒకే మెట్లదారి పొగతో నిండితే పై అంతస్తులవారికి దిగే మార్గం ఉండదు. తనిఖీ నియమాలలో అధిక భాగం ఈ ఒక్క విషయం చుట్టూ అల్లబడినవే.

చట్టపరమైన నేపథ్యం

భారత రాజ్యాంగంలోని పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థల విధులలో అగ్నిమాపక సేవలు చేర్చబడినవి. ఈ విషయంపై చట్టాలు చేయునది రాష్ట్రాలే. కనుక నియమాలు రాష్ట్రానికొక విధంగా ఉన్నవి.

* జాతీయ భవన నిర్మాణ స్మృతి: భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని రూపొందించినది. 1970లో మొదట వెలువడి, 1983, 2005, 2016 సంవత్సరాలలో సవరించబడినది. ఇందులోని నాలుగవ భాగం అగ్ని భద్రత మరియు ప్రాణ రక్షణకు సంబంధించినది. ఈ స్మృతి స్వతహాగా చట్టం కాదు. రాష్ట్రాలు తమ నిబంధనలలో చేర్చుకొన్నపుడే దానికి చట్టబద్ధత కలుగుతుంది.
* ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం, 1999: ఎత్తైన భవనాలకు నిరభ్యంతర పత్రం పొందుట, అధికారులు భవనంలో ప్రవేశించి పరిశీలించుట మొదలగు అంశాలు ఇందులో ఉన్నవి. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా ఈ చట్టాన్ని స్వీకరించినది.
* భవన నిర్మాణ నియమాలు: ఉమ్మడి రాష్ట్రంలో 2012లో, విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వెలువడిన నియమాలు భవనపు ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం, రోడ్డు వెడల్పు మున్నగువానిని నిర్దేశించినవి.

ఏ భవనాలకు వర్తిస్తుంది

జాతీయ స్మృతి (2016) ప్రకారం 15 మీటర్లు లేదా అంతకు మించిన ఎత్తు గల భవనం ఎత్తైన భవనం. 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర నియమాలు ఈ హద్దును 18 మీటర్లుగా తీసుకొన్నవి. పార్కింగు కొరకు వదిలిన స్టిల్టు అంతస్తును కూడా కలుపుకొని 18 మీటర్లకు లోపు ఉన్న భవనం ఈ నిర్వచనంలోనికి రాదు. ఆ నియమాల ప్రకారం 21 మీటర్ల వరకు ఎత్తుగల ఎత్తైన భవనానికి కనీసం 12 మీటర్ల రోడ్డు, చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ స్థలం ఉండవలెను. తరువాతి కాలంలో ఈ నియమాలకు పలు సవరణలు జరిగినందున, కొత్తగా కట్టేవారు ఆనాటికి అమలులో ఉన్న ఉత్తర్వును చూచుకొనవలెను.

ఈ హద్దుకు ఆచరణలో చాలా ప్రాధాన్యం ఉన్నది. తెలుగు నగరాలు, పట్టణాలలో విరివిగా కనిపించే, స్టిల్టుపై ఐదంతస్తులు గల అపార్టుమెంటు సాధారణంగా 18 మీటర్లకు కొద్దిగా లోపే ఉంటుంది. అట్టి భవనానికి ఎత్తైన భవనాలకు వలె అగ్నిమాపక శాఖ ముందస్తు పరిశీలన ఉండదు. అయితే ప్రమాదం మాత్రం ఎత్తును లెక్కించి రాదు.

నిరభ్యంతర పత్రం

వాడుకలో ఎన్.ఓ.సి. అని పిలువబడే నిరభ్యంతర పత్రం రెండు దశలలో లభిస్తుంది.

* తాత్కాలిక పత్రం: నిర్మాణానికి ముందు భవన పటాలను పరిశీలించి ఇస్తారు. మెట్లు, ఖాళీ స్థలాలు, నీటి ట్యాంకులు, గొట్టాల అమరిక కాగితం మీద సరిగా ఉన్నవా అని చూస్తారు.
* నివాస దశ పత్రం: నిర్మాణం పూర్తయిన తరువాత అధికారులు స్వయంగా వచ్చి, పరికరాలను నడిపించి చూచి ఇస్తారు. దీని ఆధారంగా స్థానిక సంస్థ నివాసయోగ్యతా పత్రం జారీ చేస్తుంది.

పత్రంపై పేర్కొన్న గడువు ముగిసేలోగా దానిని పునరుద్ధరించుకొనవలెను. ఫ్లాటు కొనేవారు ఈ పత్రంలోని తేదీని, అంతస్తుల సంఖ్యను, సెల్లారు వినియోగాన్ని వాస్తవ భవనంతో సరిపోల్చుకొనుట మంచిది.

తనిఖీలో పరిశీలించే అంశాలు

నిర్గమన మార్గాలు

మెట్లదారి తనిఖీలో మొదటి అంశం. ఫ్లాటు నుండి మెట్లను చేరుటకు నడవవలసిన దూరం, మెట్ల వెడల్పు, చీకటిలో వెలిగే అత్యవసర దీపాలు, దారి చూపే గుర్తులు పరిశీలించబడతాయి. అగ్నినిరోధక తలుపులు తమంతట తామే మూసుకొనవలెను. గాలి కోసం ఇటుకనో, పూలకుండీనో అడ్డుపెట్టి వాటిని తెరిచి ఉంచుట తరచుగా కనిపించే లోపం. అట్టి తలుపు పొగను ఆపలేదు. మెట్లపై చెప్పుల స్టాండ్లు, పాత సామాను, సైకిళ్ళు ఉంచరాదు. డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఒక్కరి వద్దనే ఉంచుట కూడా ప్రమాదకరమే.

అగ్నిమాపక వాహనానికి దారి

ఎత్తైన భవనానికి గేటు, లోపలి దారి కనీసం 6 మీటర్ల వెడల్పు ఉండవలెనని, ఆ దారి 45 టన్నుల బరువును మోయగలగవలెనని జాతీయ స్మృతి సూచించినది. ఖాళీ స్థలంలో షెడ్లు, జనరేటర్లు, అడ్డదిడ్డంగా నిలిపిన కార్లు ఉంటే వాహనం నిచ్చెనను చాపుటకు వీలుండదు.

నీటి వ్యవస్థ

భూగర్భ ట్యాంకు, డాబాపై ట్యాంకు, పంపులు, ప్రతి అంతస్తుకు నీరు తీసుకుపోయే నిలువు గొట్టం, హోజ్ రీలు ఈ విభాగంలోనివి. విద్యుత్తు ఆగినా పనిచేయుటకు డీజిలు పంపు ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి తగ్గకుండా చూచే చిన్న పంపును జాకీ పంపు అంటారు. మంటలకు కేటాయించిన నీటిని వేసవిలో ఇంటి అవసరాలకు వాడుకొనుట, డీజిలు పంపు బ్యాటరీ నిర్జీవమగుట సాధారణ లోపాలు. అందుచేత గొట్టాలను చూచుట చాలదు, పై అంతస్తులో నీటిని విడిచి చూడవలెను.

స్ప్రింక్లర్లు మరియు అలారం

స్ప్రింక్లరు తలలో ద్రవంతో నిండిన చిన్న గాజు బుడ్డి ఉంటుంది. ఎరుపు రంగు బుడ్డి సుమారు 68 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పగిలి నీటిని విడుదల చేస్తుంది. వేడి తగిలిన తల మాత్రమే తెరుచుకొంటుంది గాని భవనమంతటా నీరు కురవదు. వీటికి రంగు వేయుట, ఫాల్స్ సీలింగుతో కప్పివేయుట వలన అవి సకాలంలో పనిచేయవు. పొగను పసిగట్టే పరికరాలు, అలారం గంట ప్రతి అంతస్తులో వినిపించవలెను.

చేతితో వాడే మంటలార్పే సిలిండర్లు

వీటి నిర్వహణకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2190 ఆధారం. పీడన మాపకంలోని ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉన్నదా, సీలు చెదరలేదా, నింపిన తేదీ ఎప్పటిది అని చూస్తారు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరును తూకం వేసి పరీక్షిస్తారు. కరెంటు మంటలపై నీరు, నూనె మంటలపై నీరు పోయరాదు.

విద్యుత్తు మరియు సెల్లారు

సెల్లారు లేదా స్టిల్టు అంతస్తు అపార్టుమెంటులో అత్యంత ప్రమాదకరమైన చోటు. మీటర్ల బోర్డు, వాహనాల ఇంధనం, విద్యుత్తు వాహనాల ఛార్జింగు, మెట్ల మొదలు తరచుగా ఇక్కడే పక్కపక్కన ఉంటాయి. మీటర్ల బోర్డు పక్కన సామాను నిల్వ చేయుట, పార్కింగు స్థలాన్ని గోదాముగానో దుకాణంగానో మార్చుట నిషిద్ధం. తీగలు పోయే నిలువు సందులను ప్రతి అంతస్తు వద్ద అగ్నినిరోధక పదార్థంతో మూసివేయవలెను.

నివాసుల సంఘం బాధ్యతలు

బిల్డరు భవనాన్ని అప్పగించిన తరువాత ఉమ్మడి భాగాల నిర్వహణ ఫ్లాట్ల యజమానుల సంఘానిది. సంఘాలు సాధారణంగా పాటించదగిన క్రమం ఇది:

* ప్రతి వారం: మెట్లు, సెల్లారు, గేటు దారి ఖాళీగా ఉన్నవో లేవో చూచుట, పంపులను కొద్దిసేపు నడుపుట
* ప్రతి నెల: సిలిండర్లు, అత్యవసర దీపాలు, అలారం పరిశీలించుట
* ప్రతి సంవత్సరం: అర్హత గల నిపుణునిచే పూర్తి పరీక్ష, విద్యుత్తు తీగల పరిశీలన
* అభ్యాసం: జాతీయ స్మృతి ప్రకారం మొదటి రెండేళ్ళు మూడు నెలలకొకసారి, తరువాత ఆరు నెలలకొకసారి తరలింపు అభ్యాసం జరుపవలెను

ఈ వివరాలన్నీ ఒక పుస్తకంలో నమోదు చేయవలెను. వృద్ధులు, నడవలేనివారు ఏ ఫ్లాట్లలో ఉన్నారో వాచ్‌మన్‌కు తెలిసి ఉండవలెను. మంట కనిపించిన వెంటనే 101 లేదా 112 నంబరుకు ఫోను చేయవలెను. లిఫ్టును వాడరాదు.

ఇతర ప్రాంతాలలో

మహారాష్ట్రలో 2006 నాటి చట్టం ప్రకారం, లైసెన్సు పొందిన సంస్థ ద్వారా పరికరాలను పరీక్షించి, పనిచేయుచున్నవన్న ధ్రువపత్రాన్ని ప్రతి జనవరి, జూలై నెలలలో సమర్పించవలెను. ఢిల్లీలో 2010 నియమాల ప్రకారం నివాస భవనాలకు భద్రతా పత్రం ఐదేళ్ళు, హోటళ్ళు తదితర భవనాలకు మూడేళ్ళు చెల్లుతుంది. ఇంగ్లండులో 2023 జనవరి నుండి 11 మీటర్లకు మించిన నివాస భవనాలలో ఉమ్మడి భాగాల అగ్నినిరోధక తలుపులను మూడు నెలలకొకసారి తనిఖీ చేయుట తప్పనిసరి అయినది.

గుణపాఠం నేర్పిన ప్రమాదాలు

* 2010 మార్చి 23న కోల్‌కతాలోని స్టీఫెన్ కోర్ట్ భవనంలో జరిగిన ప్రమాదంలో 43 మంది మరణించారు. డాబా తలుపుకు తాళం వేసి ఉండుట వలన పైకి పరుగెత్తినవారు మెట్లపైనే చిక్కుకొన్నారు.
* 2017 జూన్ 14న లండనులోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవరులో 72 మంది మరణించారు. ఒక ఫ్లాటులోని ఫ్రిజ్ వద్ద మొదలైన మంట, వెలుపలి గోడలకు బిగించిన మండే స్వభావం గల పలకల ద్వారా వ్యాపించినది.
* 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకొని, కనీసం తొమ్మిది మంది పై అంతస్తులలో ప్రాణాలు కోల్పోయారు.
* 2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద దుకాణాలపై గల ఇంటిలో 17 మంది మరణించారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. లోనికి పోవుటకు, బయటకు వచ్చుటకు ఒకే ఇరుకు దారి ఉండెను.

చివరి రెండు ప్రమాదాలు జరిగినవి ఆకాశహర్మ్యాలలో కాదు, మామూలు ఎత్తు గల ఇళ్ళలో.

పరిమితులు

ప్రస్తుత విధానం భవనపు ఎత్తును ప్రధాన కొలమానంగా తీసుకొంటున్నది. కానీ ప్రాణనష్టానికి దారితీసిన కారణాలలో ఒకే మెట్లదారి, కింది అంతస్తులో నిల్వలు, తాళాలు వంటివి ఏ ఎత్తులోనైనా ఉండగలవు. రెండవది, అనుమతి పొందిన తరువాత జరిగే మార్పులు, అనగా సెల్లారును గోదాముగా మార్చుట, బాల్కనీలను పూర్తిగా ఇనుప చువ్వలతో మూయుట, డాబాపై గదులు వేయుట వంటివి తదుపరి తనిఖీ వరకు రికార్డులలోనికి రావు. అందువలన చట్టం తప్పనిసరి చేయని చిన్న అపార్టుమెంట్లలో కూడా నివాసులు స్వయంగా తనిఖీ చేసుకొనుట అవసరమని చెప్పవచ్చును. మెట్లను ఖాళీ చేయుటకు, తలుపు తాళం తీయుటకు, సెల్లారు నుండి నిల్వలను తొలగించుటకు ఏ అనుమతీ అక్కరలేదు, ఖర్చు కూడా దాదాపు లేదు.

ఇవి కూడా చూడండి

* జాతీయ భవన నిర్మాణ స్మృతి
* అగ్నిమాపక దళం
* కార్బన్ మోనాక్సైడ్
* అగ్నిమాపక సేవా వారోత్సవాలు