పాము, కర్ర, వైద్యం: శంషాబాద్ పరిసరాల ఆధారంగా ఒక చిహ్న పరిశీలన

ప్రస్తావన

శంషాబాద్ విమానాశ్రయం నుంచి కెన్యాకో నైజీరియాకో వెళ్లేవారి పాస్‌పోర్టుతో పాటు పసుపుపచ్చని చిన్న పుస్తకం ఒకటి ఉంటుంది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ధ్రువీకరించే పత్రమది. హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది. 2016 జూలై నుంచి దాని గడువు జీవితకాలం. ఆ పత్రం లేకుండా వ్యాధి ఉన్న దేశాల నుంచి దిగినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచే వీలు విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది. పుస్తకం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర కనిపిస్తుంది: భూగోళ పటం, రెండు పక్కలా ఆలివ్ కొమ్మలు, నడుమ నిలువుగా ఒక కర్ర, ఆ కర్రకు చుట్టుకున్న ఒకే ఒక పాము. 1948లో తొలి ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన చిహ్నమిది.

మన ఊళ్లలోని క్లినిక్ బోర్డుల మీద, కార్ల స్టిక్కర్ల మీద చాలాచోట్ల మరో బొమ్మ ఉంటుంది. అందులో పాములు రెండు, కర్ర చివర రెక్కలు. ఈ రెంటికీ తేడా ఏమిటి? రావిచెట్టు కింద మనం ప్రతిష్ఠించుకునే జంటనాగులతో వీటికి చుట్టరికం ఉందా? ఇంతకీ వైద్యానికి పాము ఎందుకు? ఈ వ్యాసం ఈ మూడు ప్రశ్నలనూ పరిశీలిస్తుంది. రూపంలో పోలిక ఉన్నంత మాత్రాన మూలం ఒకటి కాదన్నది, ఈ చిహ్నం అసలు అర్థాన్ని మన నేల మీదే చూడవచ్చన్నది దీని ప్రతిపాదన.

ఒక పాము, రెండు పాములు

ఒకే పాము చుట్టుకున్న కర్ర గ్రీకుల వైద్యదేవత ఆస్క్లెపియస్‌ది. హోమర్ ఇలియడ్‌లో ఆయన మేటి వైద్యుడిగా, మఖావోన్, పొడాలిరియస్ అనే ఇద్దరు వైద్యుల తండ్రిగా కనిపిస్తాడు. తర్వాతి కాలంలో దేవుడయ్యాడు. ఎపిడారస్‌లోని ఆయన క్షేత్రంలో రోగులు రాత్రి నిద్ర చేసేవారు. విషం లేని పాములు అక్కడ స్వేచ్ఛగా తిరిగేవి. కాలివేలికి మానని పుండుతో వచ్చిన ఒకతను నిద్రపోతుండగా పాము వచ్చి నాకితే ఆ పుండు మానిందని అక్కడి శిలాఫలకం ఒకటి చెబుతుంది. క్రీ.పూ. 293లో రోమ్‌ను మహమ్మారి పట్టి పీడిస్తే, రోమన్లు ఎపిడారస్‌కు దూతలను పంపి అక్కడి పామును తెచ్చుకున్నారని, టైబర్ నది దీవిలో గుడి కట్టారని వారి చరిత్రకారులు రాశారు.

రెక్కలతో, రెండు పాములతో ఉన్నది హెర్మీస్ చేతి దండం. దాని పేరు కెడ్యూసియస్. హెర్మీస్ వర్తకులకు, బాటసారులకు, వార్తాహరులకు దేవుడు. చనిపోయినవారి ఆత్మలను పాతాళానికి దాటించేవాడు కూడా. రోగి మంచం దగ్గర ఆయనకు పని లేదు. 16వ శతాబ్దంలో బాసెల్ నగరపు ముద్రాపకుడు యోహాన్ ఫ్రోబెన్ ఈ దండాన్ని తన ముద్రగా వాడాడు. వైద్య గ్రంథాల అట్టల మీద అది కనబడడంతో గందరగోళానికి దారి ఏర్పడింది. 1902లో అమెరికా సైన్యపు వైద్య విభాగం దాన్ని తన యూనిఫాం చిహ్నంగా తీసుకున్నాక పొరపాటు స్థిరపడింది. వాల్టర్ ఫ్రీడ్‌లాండర్ 1992లో ప్రచురించిన పరిశోధనలో అమెరికా వైద్య సంస్థల చిహ్నాలు 242 పరిశీలించాడు. వృత్తి సంఘాల్లో 62 శాతం ఒంటిపామును ఎంచుకుంటే, వ్యాపార సంస్థల్లో 76 శాతం జంటపాములను ఎంచుకున్నాయి. విమానాశ్రయంలో ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ప్రయాణికులు, సరుకుల రవాణా హెర్మీస్ పరిధి. టీకా పుస్తకం మాత్రం ఆస్క్లెపియస్‌ది.

నారికురుపు వాదం

కర్రకు చుట్టుకున్నది అసలు పామే కాదని, నారికురుపు పురుగని ఒక వాదం ఉంది. తెలుగు పాఠకులకు ఇది దగ్గరి విషయం. దిగుడుబావుల నీళ్లు తాగిన పల్లెల్లో ఈ పురుగు కాలి చర్మం చీల్చుకుని బయటికి వచ్చేది. తెగిపోకుండా దాన్ని చిన్న పుల్లకు చుడుతూ రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. దేశంలో ఈ వ్యాధి ఉన్న ఏడు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో దేశమంతటా దాదాపు 40 వేల కేసులు లెక్కకు వచ్చాయి. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో భారతదేశానికి విముక్తి ధ్రువపత్రం దక్కింది.

పుల్లకు చుట్టిన పురుగును, కర్రకు చుట్టుకున్న పామును పక్కపక్కన పెడితే పోలిక నిజంగానే ఆకట్టుకుంటుంది. కానీ ఆస్క్లెపియస్ గుళ్లలో తిరిగినవి నిజమైన పాములు. గ్రీకు కథలు, శిల్పాలు, శాసనాలు పామునే చెబుతున్నాయి. ఆధారాల బలం పాము వైపే ఉంది.

మన నాగులు, మన దండాలు

జంటపాముల రూపం గ్రీకుల కంటే పాతది. మెసొపొటేమియాలో లగాష్ పాలకుడు గుడియా, నింగిష్‌జిద అనే దేవుడికి సమర్పించిన రాతి పాత్ర మీద పెనవేసుకున్న రెండు పాములున్నాయి. సుమారు క్రీ.పూ. 2100 నాటి ఆ పాత్ర ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

మన రావి, వేప చెట్ల కింది నాగశిలల మీద కూడా రెండు పాములు పెనవేసుకుని పడగలెత్తి ఎదురెదురుగా ఉంటాయి. చూడగానే కెడ్యూసియస్ గుర్తుకు వస్తుంది. అయితే వీటిని ప్రతిష్ఠించేది సంతానం కోసం, నాగదోష నివారణ కోసం. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసి, పుట్టబంగారం పిల్లల చెవులకు రాస్తారు, చెవిపోటు రాకూడదని. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడికి బిడ్డల కోసం మొక్కుకునేవారు ఇప్పటికీ వెళ్తారు. ఆరోగ్యంతో పాముకు మనవాళ్లు కలిపిన ముడి ఇది. ఇంటి ఆడవాళ్లు తరతరాలుగా కాపాడుకొచ్చిన నమ్మకం కనుక దీన్ని గౌరవంతో చదవాలి. కాని ఇక్కడ పాము పూజ అందుకునే దేవత. వైద్యుడి వృత్తికి గుర్తు కాదు.

మన ఆసుపత్రుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నాగార్జునకొండ శాసనం ఒకటి జ్వర రోగుల విహారాన్ని ప్రస్తావిస్తుంది. రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపురం శాసనం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు భూమి ఆదాయం కేటాయించింది. ఆయుర్వేదం తన దేవతగా ధన్వంతరిని, ఆయన చేతి అమృత కలశాన్ని నిలుపుకుంది. 2023లో జాతీయ వైద్య కమిషన్ చిహ్నంలో రంగుల్లో కనిపించి చర్చకు కారణమైంది ఆ ధన్వంతరి రూపమే.

శంషాబాద్ పక్కనే ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం, సమతామూర్తి, మరో పాఠం. శ్రీవైష్ణవ సంప్రదాయం రామానుజులను ఆదిశేషుడి అవతారంగా భావిస్తుంది. ఆయన చేత త్రిదండం ఉంది. పాము, కర్ర రెండూ అక్కడ కలిశాయి. కానీ ఆ దండం సన్యాసానిది, ఆ శేషుడు భగవత్సేవకు ప్రతీక. వైద్యంతో సంబంధం లేదు. రెండు వస్తువులు ఒకచోట చేరినా, అర్థాన్ని నిర్ణయించేది వాటి వెనకున్న సంప్రదాయమే.

విషం మందైన చోటు

మరి వైద్యానికి పాము ఎందుకు? కుబుసం విడిచి కొత్తగా బయటికి వస్తుంది కనుక పునర్జన్మకు గుర్తని ఒక వివరణ. ప్రాణం తీసే విషమే మోతాదు తెలిసినవాడి చేతిలో మందవుతుందన్నది మరొకటి. రెండో వివరణకు సాక్ష్యం శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లో ఉంది. అక్కడి విన్స్ బయోప్రొడక్ట్స్ పాము విషానికి విరుగుడు మందు తయారు చేస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు పాముల విషాన్ని కొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఎక్కిస్తారు. గుర్రం ఒంట్లో ప్రతిరక్షకాలు తయారవుతాయి. రక్తం తీసి, వాటిని వేరుచేసి, శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. ప్రభుత్వాసుపత్రుల్లో పాము కాటుకు ఎక్కించే ఇంజెక్షన్ ఇలాంటిదే. 1981లో అమెరికాలో ఆమోదం పొందిన రక్తపోటు మాత్ర క్యాప్టోప్రిల్‌కు కూడా బ్రెజిల్ పింజర విషం మీద జరిగిన పరిశోధనే దారి చూపింది.

దీని అవసరం ఎంతటిదో లెక్కలు చెబుతాయి. 2000–2019 మధ్య దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాము కాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

ముగింపు

ఒంటిపాము కర్ర గ్రీకు వైద్యానిది, జంటపాముల దండం వర్తకానిది, జంటనాగుల శిల మన సంతాన కామనది. మూడూ వేర్వేరు సంప్రదాయాలు. వీటిని కలిపేసి ఒకదాని గొప్పను మరొకదానికి అంటగట్టడం ఏ ఒక్కదానికీ న్యాయం చేయదు. వైద్య కళాశాలలు, ఆసుపత్రులు, క్లినిక్‌లు తమ బోర్డులు ఒకసారి చూసుకుని రెక్కలున్న జంటపాముల స్థానంలో ఒంటిపాము కర్రను పెట్టుకోవాలి. పుట్టకు పాలు పోసే చేతులకు మరో మాట కూడా చెప్పాలి. పాము కరిస్తే మంత్రగాడి దగ్గర గంటలు పోగొట్టవద్దు. కట్టు బిగించవద్దు, గాటు పెట్టవద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి.