పాత వాక్యూమ్ క్లీనర్ల సేకరణ

పాత వాక్యూమ్ క్లీనర్ల సేకరణ అనగా వాడుక తప్పిన దుమ్ము పీల్చే యంత్రాలను సేకరించి, బాగుచేసి, మరల పని చేయించే అభిరుచి. ఇది ఎక్కువగా అమెరికా, బ్రిటన్ దేశాలలో కనిపిస్తుంది. నాణేలు, తపాలా బిళ్ళల వలె ఈ యంత్రాలను దాచుకోవాలని వాటి కాలంలో సాధారణంగా ఎవరూ తలచలేదు. చెడిపోయినవి చాలావరకు పాత ఇనుము కొట్లకు చేరాయి. అందువలన మిగిలినవి 20వ శతాబ్దంలో ఇంటిపని ఎలా మారినదో తెలిపే ఆధారాలు. యంత్రాన్ని కొత్తదానివలె మెరిపించాలా, ఉన్నది ఉన్నట్లు కాపాడాలా అన్నది ఈ అభిరుచిలో ముఖ్యమైన ప్రశ్న.

చరిత్ర

బ్రిటిష్ ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లో గాలిని పీల్చి దుమ్ము తీసే యంత్రాన్ని రూపొందించాడు. అది గుర్రపు బండి మీద వీధిలోకి వచ్చేది. అక్కడి నుండి పొడవైన గొట్టాలను కిటికీల గుండా ఇంటిలోనికి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని తివాచీలను ఈ యంత్రంతోనే శుభ్రపరచారు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఊడ్చే పని చేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఉబ్బసంతో బాధపడేవాడు. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబులతో ఆయన చేతితో నడిపే చిన్న యంత్రాన్ని తయారుచేశాడు. దీనికి 1908లో పేటెంటు లభించింది. అదే సంవత్సరం తోలు వస్తువుల వ్యాపారి విలియం హెన్రీ హూవర్ ఆ హక్కులను కొన్నాడు. హూవర్ పేరు బ్రిటన్‌లో ఈ యంత్రానికే మారుపేరైనది.

సేకర్తలు కోరే నమూనాలు

* హూవర్ 700 (1926): తిరిగే రోలరుకు అమర్చిన లోహపు పట్టీలు తివాచీని తట్టి లోపలి ఇసుకను పైకి తెస్తాయి.
* హూవర్ 150 (1936): హెన్రీ డ్రైఫస్ రూపకల్పన. పైమూత బేకలైటుతో చేసినది.
* ఎలక్ట్రోలక్స్ 30 (1937): లురెల్ గిల్డ్ రూపకల్పన. నేల మీద జారే పట్టీలపై నిలిచే స్తూపాకారపు యంత్రం.
* డైసన్ డీసీ01 (1993): దుమ్ము సంచి లేనిది. ఇటీవలి కాలపు యంత్రాలలో దీనిని కూడా సేకరిస్తున్నారు.

పునరుద్ధరణ విధానం

యంత్రం దొరికిన వెంటనే ప్లగ్గు పెట్టి చూడడం ప్రమాదకరం. ముందుగా ప్రతి భాగాన్ని విప్పే క్రమంలో ఫోటోలు తీసుకోవాలి. సంచిలోని పాత దుమ్మును ముక్కుకు మాస్కు కట్టుకొని, ఆరుబయట తొలగించాలి. మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షులను మార్చి, కమ్యుటేటరును శుభ్రం చేసి, బేరింగులలో గట్టిపడిన గ్రీజును తీసి కొత్తది పెట్టాలి. రోలరును తిప్పే రబ్బరు బెల్టు సాధారణంగా సాగిపోయి లేదా పగిలిపోయి ఉంటుంది. దానిని తప్పక మార్చాలి. బేకలైటు భాగాలను నీటిలో నానబెట్టరాదు. పైపొర అరిగిన చోట అది నీటిని పీల్చుకొని పాడవుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త వహించవలసినది విద్యుత్ తీగ విషయంలో. కాలక్రమేణా తీగ మీది రబ్బరు పెళుసుబారి రాలిపోతుంది. అనేక పాత యంత్రాలకు లోహపు ఒడలు ఉన్నది కానీ ఎర్త్ తీగ లేదు. లోపల విద్యుత్తు ఒడలికి సోకితే పట్టుకున్నవారికి షాకు తగులుతుంది. కావున తీగను మార్చి, మెగ్గరుతో ఇన్సులేషనును పరీక్షించిన తరువాతనే నడపాలి. మొదటిసారి నడిపేటప్పుడు వరుసలో ఒక బల్బును కలిపితే, లోపల షార్టు ఉన్నా అధిక విద్యుత్తు ప్రవహించదు. ఈ పనిలో అనుభవం లేనివారు ఎలక్ట్రీషియను సహాయం తీసుకోవాలి.

అసలు రూపమా, కొత్త మెరుపా?

పైపూతను గీకి కొత్త రంగు వేస్తే యంత్రం అందంగా కనిపిస్తుంది. కానీ కర్మాగారపు రంగు, తయారీదారు ముద్ర, పిడి మీద చేతుల వలన కలిగిన అరుగుదల శాశ్వతంగా పోతాయి. మరల అవి రావు. ఇందుకు మధ్యేమార్గం కలదు. భద్రతకు అవసరమైన వాటిని మాత్రమే మార్చి, తీసిన అసలు భాగాలను చీటీ కట్టి యంత్రంతో పాటు దాచాలి. ఏది ఎప్పుడు మార్చినదీ పుస్తకంలో వ్రాసి ఉంచాలి. అరుదైన యంత్రాన్ని నడపకుండా ప్రదర్శనకే ఉంచడం మేలు.

సంగ్రహాలయాలు

ఒహాయోలోని నార్త్ కాంటన్‌లో విలియం హూవర్ బాల్యంలో నివసించిన ఇంటిలో 1978లో హూవర్ చారిత్రక కేంద్రం ప్రారంభమైనది.

భారతదేశంలో

నాపరాయి, సిమెంటు గచ్చులున్న ఇళ్ళలో చీపురు, తడిగుడ్డ సరిపోయేవి. తివాచీలు పరచే అలవాటు తక్కువ కాబట్టి ఈ యంత్రాలు ఆలస్యంగా వచ్చాయి. 1982లో స్థాపించబడిన యురేకా ఫోర్బ్స్ సంస్థ ఇంటింటికీ వెళ్ళి అమ్మే పద్ధతిలో వీటిని నగరాలలో ప్రచారం చేసింది. అమెరికా నుండి పాత యంత్రాన్ని తెచ్చుకొనేవారు ఒక విషయం గమనించాలి. అది సుమారు 120 వోల్టులకు తయారైనది. ఇక్కడి 230 వోల్టులకు నేరుగా కలిపితే మోటారు కాలిపోతుంది. వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు అవసరం.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ మోటారు
* బేకలైటు
* చీపురు