డేసియా కొండలలో రోమనుల కావలి

కోట యనగానే మనకు ఎత్తైన బురుజులు, లోతైన అగడ్తలు జ్ఞప్తికి వచ్చును. రోమనులు డేసియా రాష్ట్రమున ఏర్పరచిన సరిహద్దు రక్షణ కేవలము అట్టిది కాదు.

డేసియా నేటి రుమేనియాలోని కార్పేతియన్ పర్వతసీమ. దానిని డెసెబలస్ అను రాజు పాలించుచుండెను. రోమను చక్రవర్తి ట్రాజన్ క్రీ.శ. 101-102లోను, మరల 105-106లోను అతనిపై దండెత్తెను. రెండు యుద్ధముల నడుమ అపొలొడోరస్ అను వాస్తుశిల్పి డాన్యూబ్ నదిపై మహాసేతువును నిర్మించెను. రాజధాని సర్మిజెగెతూస పడిపోయెను. శత్రువులకు చిక్కక డెసెబలస్ ప్రాణత్యాగము చేసెను.

కొండలను గెలుచుట వేరు, నిలుపుకొనుట వేరు. ఆ కొండల గర్భమున బంగారు గనులు కలవు; చుట్టును స్వతంత్ర జాతులు కలవు. వేయి కిలోమీటర్లకు మించిన ఆ సరిహద్దు పొడవునా రోమనులు గోడ కట్టలేదు, కనుమలను పట్టిరి. శిఖరములపై కావలి బురుజులు, కనుమ వాకిట కోట, వెనుక రాజబాట, దూరమున ఆపులమ్ నగరమున 13వ లీజియను సేన. బురుజులోని కావలివాడు శత్రువును ఆపనక్కరలేదు. చూచి కబురు పంపిన చాలును. వాయవ్యమున మెసెష్ కొండల వాకిట నున్న పొరొలిస్సమ్ ఇట్టి కోటలలో ప్రసిద్ధమైనది. తొలుత మట్టితోను కొయ్యతోను కట్టిన ఆ కోటను తరువాత రాతితో పునర్నిర్మించిరి. క్రీ.శ. 270 దాటిన పిమ్మట ఆరేలియన్ చక్రవర్తి సేనలను డాన్యూబ్ దక్షిణమునకు మరలించెను. ఆ సరిహద్దు అవశేషములను 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది.

మరి ఆ కోటలను కాచిన వారెవరు? పొరొలిస్సమ్‌లో సిరియా ఎడారి నుండి వచ్చిన పల్మైరా విలుకాండ్రుండిరి. అచటనే దొరికిన ఒక కాంస్య ఫలకము, డేసియా యుద్ధములో చూపిన పరాక్రమమునకు నొవాంటికో అను సైనికుడు రోమను పౌరసత్వము పొందెనని తెలుపుచున్నది. అతడు బ్రిటన్‌లోని నేటి లెస్టరు ప్రాంతమువాడు. ఓడిన డేసియా యువకులును రోమను సేనలో చేరిరి. వారి పేర ఏర్పడిన దళమొకటి బ్రిటన్‌లో హేడ్రియన్ గోడను కాచెను. ఒక కొండజాతిని గెలిచిన సామ్రాజ్యము ఆ జాతి బిడ్డలనే మరియొక జాతిపై కావలి నిలిపినది. సరిహద్దునకు రాళ్ళెంత అవసరమో, ఊరు విడిచిన మనుష్యులును అంతే అవసరమైరి.

ఆ డేసియా దళము నివసించిన బర్డోస్వాల్డ్ కోటలో ఒక సమాధి శిల లభించినది. దానిపై ఒక పసివాని పేరు కలదు: డెసెబలస్. రాజు పోయెను, రాజధాని పోయెను. రోమను జీతముపై బ్రతికిన ఆ ఇండ్లలో పేరు మాత్రము పోలేదు.