గని, దేహం, దృశ్యం: చరిత్రాధారంగా ‘బెహెమత్’

గనుల చరిత్ర రచనకు ప్రధానాధారాలు ఉత్పత్తి నివేదికలు, ప్రమాద విచారణలు, కార్మిక సంఘాల పత్రాలు. వీటిలో టన్నుల లెక్క, మరణాల లెక్క దొరుకుతాయి. తవ్విన నేల రూపం, శ్రమించిన దేహం స్థితి అరుదుగా దొరుకుతాయి. ఆ లోటును కవితాత్మక డాక్యుమెంటరీ ఎంతవరకు పూరించగలదో చైనా దర్శకుడు ఝావో లియాంగ్ తీసిన ‘బెహెమత్’ (2015) ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రక్రియకు పూర్వరంగం ఉంది. 1935లో బ్రిటన్ తపాలా శాఖ చలనచిత్ర విభాగంలో అల్బెర్టో కవల్కాంటి ‘కోల్ ఫేస్’ రూపొందించాడు. ఆడెన్ కవిత, బెంజమిన్ బ్రిటెన్ సంగీతం అందులో భాగాలు. వ్యాఖ్యానం ఉత్పత్తితోపాటు ప్రమాదాల లెక్కనూ చెబుతుంది. అయితే ప్రమాదం ఒక్క రోజు సంఘటన. ధూళి వ్యాధి ఏళ్ల తరబడి సాగే ప్రక్రియ. బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికుల న్యూమోకోనియోసిస్‌కు పరిహార పథకం వచ్చింది 1943లో. అంటే ప్రమాదాల పట్టికను మాత్రమే నమ్ముకున్న చరిత్రకు ఈ నెమ్మది మరణాలు కనిపించవు.

‘బెహెమత్’ విలువ ఇక్కడే తెలుస్తుంది. చిత్రస్థలం ఇన్నర్ మంగోలియా. శీర్షిక బైబిల్ యోబు గ్రంథంలోని మహామృగం పేరు. నిర్మాణానికి చట్రం డాంటే ‘డివైన్ కామెడీ’. పేలుళ్లతో చీలే ఉపరితల గని, మట్టిగుట్టల అంచున గొర్రెల మందలు, కొలిమి సెగలో ఇనుము కార్మికులు, ఊపిరాడని రోగులు, చివరకు జనంలేని ఒర్డోస్ నగర భవనాలు కనిపిస్తాయి. డాంటే యాత్రికుడు స్వర్గానికి చేరేది పాపప్రక్షాళన మార్గంలో. ఇక్కడి మెట్లు ఉత్పత్తి క్రమానివి: బొగ్గు ఇనుమును కరిగిస్తుంది, ఇనుము నగరాన్ని నిలబెడుతుంది. ఆ నగరమే ఖాళీ అయినప్పుడు నేల, ఊపిరి చెల్లించిన మూల్యం దేనికన్న ప్రశ్న మిగులుతుంది. ఈ కూర్పు అలంకారం మాత్రమే కాదు, కార్యకారణ వివరణ.

పరిమితి కూడా ఈ పద్ధతిలోనే ఉంది. చిత్రంలో ముఖాముఖీలు లేవు; కార్మికుల పేర్లు, వేతనాలు తెలియవు. విధ్వంసాన్ని పురాణ మృగంగా చూపినప్పుడు లాభం పొందినవారు, అనుమతులిచ్చినవారు తెర వెనుకకు జారిపోతారు. 1932 నాటి బెల్జియం గని సమ్మె నేపథ్యంలో జోరిస్ ఇవెన్స్, ఆన్రీ స్టోర్క్ తీసిన బోరినాజ్ చిత్రం ఇందుకు భిన్నం. కార్మిక కుటుంబాలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టే వ్యవస్థను అది నేరుగా చూపింది.

కాబట్టి కవితాత్మక చిత్రం దస్తావేజుకు ప్రత్యామ్నాయం కాదు. దస్తావేజు ఏమి నమోదు చేయలేదో అడగడానికి అది దారి చూపుతుంది. సింగరేణి పాటలను, కథలను చరిత్రాధారాలుగా చదివే తెలుగు పరిశోధకులకూ ఈ వివేచన అవసరం. బాధకు సాక్ష్యం రచనలో దొరకవచ్చు. బాధ్యతను నిర్ధారించడానికి మాత్రం కంపెనీ పత్రాన్ని దాని పక్కన పెట్టి చదవాలి.