వెల లేని సంగీతము



పూర్వము మన గ్రామములలో సంగీతము వినుటకు రుసుము చెల్లించు ఆచారము లేదు. శ్రీరామనవమి పందిటిలో హరికథ జరుగునపుడు గాని, ఏకాదశినాడు గుడి వాకిట భజన సాగునపుడు గాని, చాప పఱచుకొని కూర్చున్నవానిని నీ వెంత యిచ్చితివని యడిగినవారు లేరు. అయినను హరిదాసుగారికి శాలువయు, తాంబూలములో రూకలును ముట్టుచునే యుండెను. అవి యెవరో ఒకరు ఇచ్చినవే కదా! వినువాడు వెల యీయకున్నను పాట వెల లేక రాదు. ఈ లెక్కను నేడు మీ యెదుట విప్పదలచితిని. ఇందులకై మన యిందూరు నుండి బయలుదేఱి, జర్మనీ దేశపు ఉత్తరతీరము వఱకు పోవలసియున్నది.

క్రైస్తవ దేవాలయములలో నెలకొకసారి ఉచితముగా సంగీతసభ జరుపు మర్యాద నేడు ఐరోపా, అమెరికా ఖండములలో అనేక నగరములందు కలదు. నలుగురైదుగురు వాద్యకారులు కూర్చుండి వాయింతురు. జనులు వచ్చి విని, తోచినచో ద్వారము కడ నుంచిన పళ్ళెరములో నొక నాణెము వేసిపోదురు. ఇట్టి చిన్న మేళపు వాద్యమును వారు గదిసంగీత మందురు. ఒక్కొక్క స్వరమార్గమునకు ఒక్కటే వాద్యము. నడిపించు నాయకుడు వేఱుగా ఉండడు. మన కచ్చేరీలో గాత్రము, ఫిడేలు, మృదంగము ఒకరి మొగ మొకరు చూచుకొనుచు నడచు విధమే యిదియు.

ఈ మర్యాదకు ప్రసిద్ధమైన పూర్వరూపము ల్యూబెక్ నగరమున కానవచ్చును. ల్యూబెక్ బాల్టిక్ సముద్రవర్తకమున ధనము గడించిన రేవుపట్టణము. అచ్చటి వర్తకులు కన్య మరియమ్మ పేర ఇటుకలతో మహోన్నతమైన దేవాలయమును కట్టుకొనిరి. 1641లో ఫ్రాంజ్ టుండర్ అను నతడు అచ్చట ఆర్గన్ వాద్యకారుడుగా నియుక్తుడయ్యెను. వర్తకులు బజారుసభ తెఱచువఱకు ప్రొద్దు పుచ్చుటకై దేవాలయమున చేరుచుండిరనియు, వారి వినోదార్థము టుండర్ వాద్యము వాయించుట మొదలిడెననియు ఆ యూరిలో పరంపరగా చెప్పుకొందురు. బేరమునకు ముందు సంగీతము! మన అంగడిబజారులలో ఇట్టి వాడుక యుండినచో ధరలు కొంత మెత్తబడెడివేమో.

టుండర్ 1667లో మరణించెను. మఱుసటి సంవత్సరము ఆ కొలువునకు వచ్చినవాడు డీట్రిఖ్ బుక్‌స్టెహూడె. ఆ యేడే అతడు టుండర్ కుమార్తెను వివాహమాడెను. పూర్వపు ఉద్యోగి కూతును పెండ్లాడి కొలువు స్వీకరించుట అప్పటి వాడుక. మన ఇల్లరికమునకును మిరాసికిని నడుమ నుండు పద్ధతి యది. ఇతడు ఆర్గన్ వాయించుటయే కాక, దేవాలయపు జమాఖర్చుల పుస్తకములు వ్రాయు పనిని గూడ చేసెను. అనగా విద్వాంసుడును కరణమును ఒక్కడే. నా కీ మనుష్యునియందు అభిమానము కలుగుటకు ఈ కరణీకమే ముఖ్యకారణము.

బుక్‌స్టెహూడె ఈ సభలను క్రమబద్ధము చేసెను. క్రిస్మసు పండుగకు ముందు వచ్చు ఐదు ఆదివారములు ఏర్పఱచి, మధ్యాహ్న ఆరాధన ముగిసిన పిదప గంటసేపు సాయంకాల సంగీతము జరిపెను. 1669లో ఆర్గన్ ప్రక్కన క్రొత్త మేడవరుసలు కట్టించి, సుమారు నలువదిమంది గాయకులును వాద్యకారులును నిలుచుటకు చోటు కల్పించెను. ప్రవేశమునకు రుసుము లేదు. ఓడవాడును, వంటకత్తెయు, వర్తకుడును ఒకే కప్పు క్రింద వినిరి. జనసమ్మర్దము మిక్కిలియై అల్లరి చెలరేగగా కాపలావారిని నిలుపవలసివచ్చెనట. ఉచితమైన చోట అల్లరి యుండుట మనకు క్రొత్త గాదు. పందిళ్ళలో పిల్లలను గదమాయించుటకై కఱ్ఱ పట్టుకొని నిలిచిన పెద్దలు మీలోను ఉందురు.

అయిన నీ ఖర్చెవరిది? పట్టణపు వర్తకులది. పాటల సాహిత్యమును చిన్న పుస్తకముగా అచ్చొత్తించి బుక్‌స్టెహూడె వారికి కానుకగా పంపును. వారు తమకు తోచినంత పంపుదురు. ఇది పన్ను గాదు, కట్టడి గాదు. కనుకనే కొన్ని యేండ్లు చాలినంత వచ్చెను, కొన్ని యేండ్లు రాలేదు. చందాలు చాలలేదని అతడు వర్తకులకు వినయముగా వ్రాసిన లేఖలు నేటికిని నిలిచియున్నవి. అంతటి విద్వాంసుడు రూకలకై లేఖలు వ్రాయుట చూచి కొందఱు జాలిపడుదురు. నేను జాలిపడను. లెక్క దాచక చెప్పుటచేతనే ఆ సభలు అతని కాలమంతయు నిలిచెనని నా యభిప్రాయము.

ఆ కీర్తి ఎంత దూరము ప్రాకెనో చూడుడు. 1703లో హాండెల్ అను యువకుడు మాథెసన్ అను మిత్రునితో కూడి ల్యూబెక్ వచ్చెను. కొలువు కావలెనన్నచో బుక్‌స్టెహూడె పెద్దకూతును పెండ్లాడవలెనన్న నియమము వినినంతనే ఇద్దఱును తిరుగుదారి పట్టిరి. 1705లో ఆర్న్‌స్టాట్ నుండి ఇరువదియేండ్ల యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కాలినడకను వచ్చెను. ఆ దూరము నాలుగువందల కిలోమీటర్లకు పైమాట. నిజామాబాదు నుండి హైదరాబాదునకు నడచిపోయి, నడచి తిరిగివచ్చినను అంత కాదు. నాలుగువారముల సెలవు పుచ్చుకొని వచ్చినవాడు సుమారు నాలుగు నెలలకు గాని కొలువునకు మరలలేదు; మరలినపుడు అధికారులచేత చీవాట్లు తినెను. ఆ శీతకాలముననే, మృతుడైన లియోపోల్డు చక్రవర్తికి నివాళిగా ఒకటియు, క్రొత్త చక్రవర్తి జోసెఫునకు స్వాగతముగా ఒకటియు, రెండు మహాసభలు జరిగెను. బడిపంతులుగా నేను హాజరుపట్టిక ఎంత గట్టిగా పాటించినవాడనైనను, ఆ సెలవును మాత్రము మన్నింతును.

బుక్‌స్టెహూడె 1707లో కన్నుమూసెను. తరువాతివారు సభలను సాగించిరి. కాలక్రమమున అభ్యాసగోష్ఠులకు రుసుము గ్రహించి లోటు పూడ్చుకొనిరి. 1806లో ఫ్రెంచి సేనలు నగరము నాక్రమించెను. 1810తో సాయంకాల సంగీతము ఆగిపోయెను. 1942 మార్చి నెలలో బాంబుల మంటలకు ఆ దేవాలయము కాలగా గంటలు గోపురము నుండి రాలి పగిలెను. దేవాలయమును మరల కట్టిరి గాని, ఆ గంటలను పడినచోటనే ఉంచిరి.

ఇక మన దిక్కునకు వత్తము. మన జిల్లా పొరుగున మెదకు మహాదేవాలయము 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠితమయ్యెను. కరవుకాలమున కూలి దొరకని జనులకు పని కల్పించుచు పాస్నెట్ దొరగారు దానిని కట్టించిరి. మన డిచ్‌పల్లి కుష్ఠరోగుల వైద్యశాల 1915 ప్రాంతమున వెలసినపుడు, ఇసబెల్ కెర్ వైద్యురాలికి చేయూత యిచ్చినవారిలో ముఖ్యులు రాజా నర్సాగౌడ్ గారు. ఆయన హిందువు, వైద్యశాల క్రైస్తవులది. ఇచ్చువారికి ఆ భేదము అడ్డురాలేదు. ఆ సంఘములలో పాడుకొను తెలుగు కీర్తనలలో పురుషోత్తమ చౌధరిగారివి మిన్న. 1803 నుండి 1890 వఱకు జీవించిన ఆ కవి మన రాగతాళములలోనే కట్టెను; కీర్తనల పుస్తకములో ప్రతి పాటకు పైన రాగము, తాళము అచ్చువేసియుండును. వారి ఫిడేలు మన కచ్చేరీకి వచ్చినట్లే, మన రాగము వారి గుడిలోనికి పోయినది. ఇచ్చిపుచ్చుకొనుటలో ఎవరికి ఎవరు బాకీయో నేను తేల్చలేను.

నా బాకీ యొకటి మాత్రము నాకు తెలియును. కొలువు విరమించిన పిమ్మట బోధన్ దరి నున్న మా యూరి గుడి మంటపమున ప్రతి పున్నమినాడు ఉచిత సంగీతసభ యని పలకమీద సుద్దముక్కతో వ్రాసితిని. గాత్రము, ఫిడేలు, మృదంగము, అంతే. చెఱకు డబ్బు చేతికందిన యిండ్లవారు మొదటి మూడు నెలలు సంతోషముగా ఇచ్చిరి. తరువాత అడుగుటకు నాకు సిగ్గు వేసెను. ఉచితమని వ్రాసినవాడను నేనే కదా, ఏ మొగము పెట్టుకొని అడుగుదును? లెక్క ఎవరికిని చూపలేదు. ఏడవ పున్నమినాడు మార్దంగికునికి సగము సొమ్మే యిచ్చి పంపితిని. ఎనిమిదవ పున్నమికి సభ లేదు. ఊరివారు ఇయ్యలేదని చాలకాలము చెప్పుకొంటిని. ల్యూబెక్ విద్వాంసుడు వర్తకులకు వ్రాసిన లేఖల సంగతి చదివిన తరువాత అట్లు చెప్పుట మానితిని.

మిగిలిన సగము మూడేండ్లకు తీసికొనిపోయి ఆ మార్దంగికుని ఇంట నిచ్చితిని. ఆయన లెక్కింపక అంగీ జేబులో పెట్టుకొని, “సారూ, మళ్ళ పున్నమికి ఎప్పుడు రావాలె?” అని యడిగెను.